మాయలంక పక్కన ఒక ఊరు – నార్వే దేశపు రోస్ట్ గ్రామ చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాసివ్వమని సంపాదకులు కోరినప్పుడు, నేను బందరు రేవు గురించో, డచ్చివారి సమాధుల గురించో రాస్తానని మిత్రులు అనుకుని ఉంటారు. వాటి సంగతి నాకంటె బాగా తెలిసిన పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. అందుచేత ఈసారి పాఠకులను కొంచెం దూరం తీసుకువెళ్ళే సాహసం చేస్తున్నాను. కొంచెం అంటే భూగోళం మీద ఆర్కిటిక్ వృత్తం దాటి. డిసెంబరులో కొన్ని వారాలు సూర్యుడు మొహం చూపించని ఒక ఊరిది ఈ కథ. చలికి భయపడేవారు శాలువా కప్పుకుని చదవగలరు.

మా అల్లుడు నార్వేలో స్టవాంగర్ అనే పట్నంలో చమురు కంపెనీ ఇంజనీరు. చమురు పని మీద అక్కడ చేరిన తెలుగువారు మరికొందరు కూడా ఉన్నారు. ఆమధ్య మేమిద్దరం వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చాం. ఒక శని, ఆదివారాలు అమ్మాయి మమ్మల్ని బెర్గెన్ అనే పాత రేవుపట్నానికి తీసుకువెళ్ళింది. అక్కడ నీటి ఒడ్డున వరసగా పాత చెక్క గిడ్డంగులు ఉన్నాయి. ఒకప్పుడు జర్మనీ వర్తకులు వాటిలో కొట్లు పెట్టి ఉత్తర దేశపు వ్యాపారమంతా గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆ వర్తక సంఘం వారి చిహ్నం బొమ్మ చూపించారు. ఒక సగం గద్ద, రెండో సగంలో ఒక చేప, ఆ చేప నెత్తిన కిరీటం! ముప్పయ్యేళ్ళకు పైగా రకరకాల ముద్రలు కాగితాల మీద కొట్టినవాణ్ణి గనుక ముద్ర కనిపిస్తే ఆగిపోతాను. చేపకు కిరీటం ఏమిటని అడిగాను. అది ఎండుచేపనీ, ఈ పట్నాన్ని పోషించింది అదేననీ, అది వచ్చేది లోఫోటెన్ దీవుల నుంచనీ, వాటిలో చిట్టచివరిది రోస్ట్ అనీ చెప్పారు. మిగిలిన రెండు నెలలూ నా పఠనం ఆ చివరి దీవి మీద సాగింది. మనవరాలు లైబ్రరీ నుంచి ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చి పెట్టింది. ఒక్క మాట ముందే ఒప్పుకుంటున్నాను, నేను రోస్ట్ వెళ్ళలేదు. నా మోకాళ్ళూ, అల్లుడి సెలవులూ రెండూ అందుకు అనుకూలించలేదు.

రోస్ట్ ఉన్నది నార్వే ఉత్తర తీరాన, బోడో పట్నం నుంచి సముద్రం మీద సుమారు 100 కిలోమీటర్ల దూరాన. ఏడాదికి రోజులెన్నో ఊరికి దీవులన్ని అని అక్కడివారు సరదాగా 365 లెక్క చెబుతారు. జనం ఉండేది మాత్రం ముఖ్యంగా ఒక దీవిలోనే. అది మన కృష్ణా, గోదావరి లంకల్లాగే చదును నేల, ఎక్కడా పది, పన్నెండు మీటర్లకు మించి ఎత్తు లేదు. దానికి నైరుతి దిక్కున సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన రాతి దీవులు కొన్ని ఉన్నాయి, అవి పక్షుల రాజ్యం. జనాభా ఈనాడు అయిదు వందల లోపు. మన ఊళ్ళలో ఒక వీధికి సరిపోతుంది. అయినా దానికి స్వంత పురపాలన ఉంది, బడి ఉంది, చర్చి ఉంది.

ఇంత ఉత్తరాన ఉన్నా శీతకాలంలో ఆ ఊరు గడ్డకట్టుకుపోదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల జనవరిలో కూడా అక్కడ సగటు వేడిమి సున్నా డిగ్రీలకు కాస్త పైనే ఉంటుంది. ఈ ఒక్క వింత మీదనే ఆ ఊరు వెయ్యేళ్ళుగా నిలబడింది. ఎలాగంటే, ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాడ్ అనే పెద్ద చేపలు బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి మందలుగా లోఫోటెన్ దగ్గరకు వస్తాయి. పట్టిన చేపకు తల కోసి, కడుపు శుభ్రం చేసి, రెండేసి చేపలను తోకల దగ్గర జతకట్టి కర్రల పందిళ్ళ మీద వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా అవి అలా గాలికి ఊగుతూ ఉంటాయి. మన తీరాన ఎండుచేపకు ఉప్పూ కావాలి, ఎండా కావాలి. వారికి రెండూ అక్కరలేదు. చలి ఎక్కువైతే చేప గడ్డకట్టి కండ చెడుతుంది, వేడి ఎక్కువైతే ఈగ ముసురుతుంది, పురుగు పడుతుంది. రోస్ట్ గాలి ఈ రెంటికీ నడుమ సరిగ్గా తూచినట్టు ఉంటుంది. నీరంతా పోయి చేప బరువులో అయిదో వంతు మిగులుతుంది. అప్పుడది కర్రలాగా అయిపోయి ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. ఎండిన చేపలను చేత్తో పట్టుకుని, వాసన చూసి, సుమారు ఇరవై తరగతులుగా వేరు చేసే పనివారు ప్రత్యేకంగా ఉంటారు. మన పే స్కేళ్ళ లెక్క కంటె కష్టమైన పనేనని నాకు తోచింది. మేలైన సరుకు ఇటలీకి పోతుంది. ఎండబెట్టిన తలకాయలు నైజీరియాకు పోతాయి, అక్కడివారు వాటితో పులుసు కాచుకుంటారు.

ఇక మాయలంక సంగతి. రోస్ట్‌కు అవతల, పడమటి సముద్రంలో, ఊట్‌రోస్ట్ అనే దీవి ఒకటి ఉందని అక్కడి జాలరుల నమ్మకం. దాని పేరుకు అర్థం బయటి రోస్ట్ అని. అది మామూలు కళ్ళకు కనిపించదు, నీటి కింద ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చిన జాలరికి మాత్రం ఒక్కోసారి పైకి తేలి దారి ఇస్తుందట. అక్కడ పచ్చిక బయళ్ళు, పండిన బార్లీ చేలు ఉంటాయి. వేట నుంచి తిరిగి వచ్చిన పడవ చుక్కానికి బార్లీ గడ్డి పరక చిక్కుకుని ఉన్నా, కోసిన చేప కడుపులో బార్లీ గింజ దొరికినా, మనం ఊట్‌రోస్ట్ మీదుగా వచ్చాం అనుకునేవారట.

ఆస్బ్యోర్న్‌సెన్ అనే ఆయన జానపద కథలు సేకరిస్తూ 1840లలో ఈ కథను అచ్చువేశాడు. పక్క దీవిలో ఉండే ఒక పేద జాలరి తుపానులో చిక్కుకుంటాడు. దారి తప్పి, ఆశ వదులుకున్న సమయంలో ఒక కొయ్య మీద కూర్చున్న మూడు నీటికాకులు కనిపిస్తాయి. కొంతసేపటికి ఆ మాయదీవి ఒడ్డుకు చేరతాడు. అక్కడ నీలం బట్టలు కట్టుకున్న ముసలి యజమాని ఆదరిస్తాడు. ఆ మూడు నీటికాకులూ అతని కొడుకులే! జాలరి వారితో కలిసి వేటకు పోయి చేపలు పడతాడు. వాటిని బెర్గెన్‌లో అమ్ముకుని సొంత ఓడ సంపాదించుకుంటాడు. ఆనాటి నుంచి అతనికి లేమి లేదు.

మొదటిసారి చదివినప్పుడు ఇది చందమామ కథ అనుకున్నాను. రెండోసారి చదివేసరికి నాకు ఇందులో రెవెన్యూ దస్త్రం కనిపించింది. మాయలు ఎన్నో చేయగల ఆ దీవి యజమాని పేదవాడికి ఇచ్చింది ఏమిటి? బంగారం కాదు, రాకుమారి కాదు. బార్లీ పండే నేల చూపించాడు, బెర్గెన్‌లో గిట్టుబాటు ధర వచ్చేటట్టు చేశాడు, సొంత ఓడ కలిగించాడు. రోస్ట్‌లో ఈ మూడే లేవు. ఆ గాలికి, ఆ నేలకు పంట అంతంత మాత్రం. గింజ తినాలంటే చేప అమ్మాలి, చేప అమ్మాలంటే బెర్గెన్ పోవాలి, అక్కడి షావుకారు ముందుగానే ధాన్యం, దారం, ఇనుప గాలాలు అరువిచ్చి ఉంటాడు. ధర అతను చెప్పిందే. ఆ పద్దు ఒక ఏడాదితో తీరేది కాదు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. తరువాతి కాలంలో లోఫోటెన్ రేవుల్లో ఒడ్డు నేల, పాకలు సొంతమైన స్థానిక ఆసాములు బయలుదేరారు. 1857 నాటి చట్టంతో గాని సముద్రంలో వేట అందరికీ సమానంగా తెరుచుకోలేదు. అప్పుల్లో పుట్టి అప్పుల్లో పోయే మనిషి, అప్పు లేని ఒక ఊరును నీటి కింద ఊహించుకున్నాడు. నాకు తోచిన అర్థం ఇది, పండితులు ఇంకేమైనా అంటే వారితో పేచీ లేదు.

ఈ ఊరు లోకానికి తెలిసింది మాత్రం మరో తుపాను వల్ల. అది కథ కాదు, వాంగ్మూలం ఉన్న సంగతి. 1431 ఏప్రిల్‌లో పియెత్రో క్వెరీని అనే వెనిస్ దేశపు ప్రభువు, క్రీటు దీవి నుంచి ద్రాక్ష సారాయి, సుగంధ ద్రవ్యాలు వేసుకుని ఫ్లాండర్స్‌కు ఓడలో బయలుదేరాడు. ఓడలో 68 మంది. స్పెయిన్ దాటాక తుపానులు పట్టుకున్నాయి. చుక్కాని విరిగింది, ఓడ వాయువ్యంగా కొట్టుకుపోయింది. డిసెంబరులో ఓడ వదిలిపెట్టి పెద్ద పడవలో 47 మంది, చిన్న పడవలో 21 మంది దిగారు. చిన్న పడవ మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. పెద్ద పడవలో చలికి, దాహానికి రోజూ కొందరు పోతూ వచ్చారు. 1432 జనవరిలో మిగిలినవారు రోస్ట్ దగ్గరే ఉన్న మనుషులు లేని ఒక చిన్న దీవికి కొట్టుకువచ్చారు. మంచు తిని దాహం తీర్చుకున్నారు, రాళ్ళకు అంటుకున్న నత్తలు తిన్నారు, పడవ చెక్కలు కాల్చుకుని చలి కాచుకున్నారు. కనుచూపు దూరంలో ఊరు ఉందని వారికి తెలియదు. ఇక్కడ మనుషులున్నారని ఊరికి తెలియదు. చివరికి బతికి బయటపడ్డవారు 11 మంది.

వారిని ఎలా కనుగొన్నారన్నది చూడండి. రోస్ట్‌లో ఒక జాలరి దూడలు తప్పిపోయాయి. అవి ఆ దీవికి పోయినట్టు అతని కొడుకుకు కల వచ్చింది. నమ్మకం లేకపోయినా తండ్రి పిల్లలతో పడవ వేసుకుని వచ్చాడు. దూడలు లేవు గాని ఎముకల గూళ్ళలాంటి మనుషులు కనిపించారు. ఈ సంగతి క్వెరీని తిరిగి వెళ్ళాక తానే రాసి పెట్టాడు. అదే ఓడలో పనిచేసిన మరి ఇద్దరు వేరుగా తమ కథనం ఇచ్చారు. రెండు కథనాలూ 1559లో వెనిస్‌లో ఒక యాత్రా గ్రంథంలో అచ్చయ్యాయి. రెండు వాంగ్మూలాలు విడివిడిగా ఉండటం, ముఖ్య విషయాల్లో కలవటం మా వృత్తివారికి ఎంత సంతోషమో వేరే చెప్పాలా!

ఆ కల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కారణం ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలో నష్టపరిహారం వాంగ్మూలాలు రాసుకోవడానికి పంపిన గుమాస్తాల్లో నేనూ ఒకణ్ణి, అప్పటికి కొత్త కుర్రవాణ్ణి. ఒక ముసలమ్మ తన మనవడు ఏ తాటిచెట్టు మీద ఉన్నాడో కలలో కనబడిందనీ, పోయి చూస్తే నిజంగానే అక్కడ ఉన్నాడనీ చెప్పింది. నేను అలాగే రాశాను. పై అధికారి చదివి, "కలలు కాలమ్‌లో పట్టవయ్యా" అంటూ ఆ వాక్యం కొట్టించారు. ఆయన తప్పేమీ లేదు, నిజంగానే అలాంటి కాలమ్ లేదు. కాని ఆ ముసలమ్మ చెప్పినదంతటిలో ఆమె ముఖ్యమనుకున్నది ఆ ఒక్క వాక్యమే. క్వెరీని తన దేశపు పెద్దలు చదివే కాగితంలో ఆ కుర్రవాడి కల కొట్టివేయలేదు. అందువల్లనే ఇన్ని వందల ఏళ్ళ తరువాత కూడా ఆ ఊరివారి నోటి మాట మనకు వినిపిస్తున్నది.

క్వెరీని బృందం మే మధ్య దాకా సుమారు మూడున్నర నెలలు రోస్ట్‌లో ఉంది. అప్పుడు ఊరి జనాభా 120 అని ఆయన లెక్క ఇచ్చాడు. ఒక జర్మన్ మతగురువు ఉండేవాడు, ఆయనతో లాటిన్ భాషలో మాట కలిసింది. ఊళ్ళో డబ్బు చెలామణి లేదు. ఎండుచేపే నాణెం. దాన్ని బెర్గెన్‌కు తీసుకుపోయి ఇనుము, గుడ్డ, ధాన్యం తెచ్చుకునేవారు. గొడ్డలి వెనక భాగంతో చేపను నార నారలుగా కొట్టి, వెన్నతో, మసాలాతో తినేవారని వంట విధానం కూడా రాశాడు. మగవారు పరాయి మనుషులను తమ ఇళ్ళలో ఆడవారి దగ్గర వదిలి వేటకు పోయేవారట. అనుమానం అన్నది ఎరగని మనుషులు, స్వర్గపు వాకిట్లో ఉన్నట్టుంది అని ఆయన భావం. వెనిస్ వర్తకుడు ఆ మాట రాయడం చిన్న విషయం కాదు.

ఈ సంగతి మీద ఇప్పుడు మరో పురాణం పెరుగుతున్నది. ఇటలీవారికి ఎండుచేప రుచి చూపించింది క్వెరీనీయేనని కరపత్రాల్లోనూ, హోటళ్ళలోనూ గట్టిగా చెబుతారు. ఆయన తిరిగి వెళ్ళినంత మాత్రాన అప్పుడే వ్యాపారం మొదలైందనడానికి ఆయన రాతలో ఆధారం చాలదు. ఇటలీలో ఆ చేప ఇంటింటి వంటకమైంది చాలా తరువాత. కాని అమ్మకానికి కథ కావాలి కదా! 1932లో, 500 ఏళ్ళ సందర్భంగా, ఆయన దిగిన దీవి మీద రాతి స్తంభం నిలబెట్టారు. ఇటలీలో విచెంజా దగ్గర సాండ్రిగో అనే ఊరు రోస్ట్‌తో చెలిమి కట్టుకుని ఏటా ఎండుచేపల పండుగ చేస్తుంది. 2012లో రోస్ట్‌వారు క్వెరీని కథను సంగీత నాటకంగా ఆడారు. అంత చిన్న ఊరు ఓపెరా ఆడటం అంటే, ఊళ్ళో సగం మంది రంగు పూసుకుని ఉంటారు, మిగతా సగం కుర్చీలు వేసి ఉంటారు. మన ఊళ్ళలో సురభివారు వచ్చినప్పుడు సందడి గుర్తుకు వచ్చింది.

చర్చిలో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. 1520 ప్రాంతంలో చేసిన చెక్క విగ్రహాల మందసం అది. నార్వే తీరంలో ఇలాంటివి అయిదు చర్చిలకు ఉన్నాయి. డెన్మార్క్, నార్వేలకు రాణిగా వస్తున్న ఎలిజబెత్ అనే రాకుమారి సముద్రంలో తుపాను నుంచి బయటపడి మొక్కు తీర్చుకుందని చెబుతారు. కాగితం మీద రుజువు లేదు. అయినా ఏ కథ ఎత్తుకున్నా ఆ ఊరివారు తుపాను దగ్గరే మొదలుపెడతారు, గమనించారా?

ఇక కొత్త కాలం. 1887లో దీవుల వరసకు చివర స్కోమ్వేర్ అనే రాతి మీద దీపస్తంభం వెలిగింది. అదే ఏడాది అక్కడికి కిట్టెల్సెన్ అనే చిత్రకారుడు వచ్చాడు. ఆయన బావగారికి అక్కడ దీపం కాపలా ఉద్యోగం. చేతిలో డబ్బు లేక చుట్టరికం పట్టుకుని వచ్చినవాడు రెండేళ్ళ పాటు లోఫోటెన్ ప్రాంతంలో ఉండిపోయాడు. నీళ్ళలో పోయినవాడు దయ్యమై సగం విరిగిన పడవలో తిరుగుతాడనీ, అతని అరుపు వింటే చావు తప్పదనీ జాలరులు చెప్పుకునేవారు. ఆ దయ్యాన్ని ఆయన బొమ్మ గీశాడు. ఈనాడు నార్వే పిల్లలకు దయ్యాలన్నీ ఆయన గీసిన రూపంలోనే తెలుసు. నాకు నవ్వు వచ్చిన సంగతేమిటంటే, దయ్యాలను తరిమే దీపం కింద కూర్చునే దయ్యాల బొమ్మలు గీశాడు! 1978లో ఆ దీపానికి యంత్రం బిగించి మనుషులను వెనక్కి పిలిచారు. దీపం వెలుగుతూనే ఉంది. ఆ కొలువు మాత్రం పోయింది. మన కార్యాలయాల్లో టైపిస్టు పోస్టులు పోయినట్టు.

1986లో విమానాశ్రయం వచ్చింది. అంతకుముందు ఆసుపత్రికి పోవాలంటే సముద్రం దయ మీద ఆధారపడేవారు పొద్దున బయలుదేరి పని చూసుకుని రాగలుగుతున్నారు. అదే విమానం పై చదువులకు పోయే పిల్లలను కూడా తీసుకుపోతుంది. వారిలో తిరిగి వచ్చేవారు తక్కువ. దీనికి నార్వే దాకా పోనక్కరలేదు, మన వీధుల్లో తాళాలు వేసిన ఇళ్ళు లెక్కపెట్టుకుంటే చాలు.

పిల్లలకంటె ముందు ఆ ఊరిని వదిలినవి పక్షులు. రాతి దీవుల మీద పఫిన్ అనే పక్షులు ఉంటాయి. నల్లకోటు, తెల్ల చొక్కా, రంగురంగుల ముక్కు, చూడటానికి పాత కాలపు జడ్జీగారిలా ఉంటాయి. 1979లో ఇక్కడ సుమారు 14 లక్షల జంటలు ఉండేవని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఇప్పుడు అందులో నాలుగో వంతు కూడా లేవు. ఎవరూ వాటిని చంపలేదు, ఆకలి చంపింది. హెర్రింగ్ అనే చిన్న చేప పిల్లలు ప్రవాహంలో రోస్ట్ పక్కగా ఉత్తరానికి పోతుండగా పఫిన్లు పట్టి తమ కూనలకు పెట్టేవి. కొత్త యంత్రాలు, పెద్ద వలలు వచ్చి 1960ల చివరికి హెర్రింగ్‌ను ఊడ్చేశాయి. ఆ తరువాత ఏటికేడు కూనలు బొరియల్లోనే మలమల మాడి చనిపోయాయి. హెర్రింగ్ కొంత కోలుకున్నా, సముద్రం మారుతున్న కొద్దీ పక్షికి కావలసిన వేళకు చేప దొరకటం లేదు. ఒకప్పుడు ఆ పక్షి మాంసం తిని, ఈకలు అమ్ముకుని బతికిన ఊరు అది. ఇప్పుడు ఒక్కో కూనను లెక్కపెట్టే శాస్త్రజ్ఞులు వేసవిలో అక్కడ బస చేస్తారు.

అసలు తగాదా చమురు దగ్గర వచ్చింది. నార్వే దక్షిణ సముద్రంలో 1969లో చమురు పడ్డాక ఆ దేశం జాతకం మారిపోయింది. లోఫోటెన్ ముందున్న సముద్రం అడుగున కూడా ఉందని 2007 నుంచి 2009 దాకా ప్రభుత్వం శబ్ద తరంగాలతో సర్వే చేయించింది. ఆ చప్పుళ్ళకు చేప బెదిరి పోతున్నదని జాలరులు అడ్డం తిరిగారు. 2010లో ఇచ్చిన అంచనా ప్రకారం చమురు, గ్యాసు కలిపి సుమారు 130 కోట్ల బ్యారెళ్ళు. తవ్వితే ఉద్యోగాలు వస్తాయి, పిల్లలు ఊళ్ళోనే ఉంటారు అని ఒక పక్షం. కాడ్ చేప గుడ్లు పెట్టే చోట ఒక్కసారి చమురు ఒలికితే వెయ్యేళ్ళ బతుకు పోతుంది అని రెండో పక్షం. ఇది ప్రభుత్వాలు ఏర్పడేటప్పుడు బేరం పెట్టుకునే విషయం అయింది. 2019లో పెద్ద పార్టీ అయిన లేబర్ పార్టీ కూడా తవ్వకం మాట వద్దనడంతో ప్రస్తుతానికి ఆగింది. చమురు కంపెనీలో పనిచేసే మా అల్లుణ్ణి భోజనాల దగ్గర దీని గురించి అడిగాను. "మామయ్యగారూ, మీరు చేప తింటున్నారు, ఇల్లు నడిచేది చమురు మీద. నన్నేం చెప్పమంటారు?" అన్నాడు. ఆ రోజుకు అంతటితో ఆపాం.

మన సంఘ సభ్యులకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నార్వేవారు చమురు డబ్బును ఖర్చు పెట్టేయకుండా 1990లో చట్టం చేసి ఒక నిధిగా పెట్టారు. 2006 నుంచి దాని పేరులో పెన్షన్ అన్న మాట ఉంది. నాకు ఆ మాట వినగానే చెవులు నిక్కపొడుచుకున్నాయి. విచారిస్తే, అందులోంచి ఎవరికీ నేరుగా నెలనెలా పెన్షన్ రాదట. పుట్టబోయే తరాల కోసం ప్రపంచమంతటా వాటాలు కొని ఉంచారు, మన దేశపు కంపెనీల్లో కూడా. డి.ఆర్. బకాయిల కోసం దరఖాస్తులు పెట్టుకునే నాబోటివాడికి, ఇంకా పుట్టనివారి కోసం డబ్బు దాచే ప్రభుత్వం ఊట్‌రోస్ట్ కంటె వింతగా కనిపించింది. ఆ నిధిలో మరికొంత వేయడానికి రోస్ట్ ముందున్న సముద్రాన్ని కూడా పణం పెట్టాలా అన్నదే అక్కడి ప్రశ్న.

నీటి కింద ఊరున్నదన్న ముసలివారి మాటకు మాత్రం ఒక చిత్రమైన కొనసాగింపు ఉంది. 2002లో పరిశోధకులు రోస్ట్‌కు పడమర, 300 నుంచి 400 మీటర్ల లోతున, చీకట్లో, చన్నీళ్ళలో పెరిగిన పగడపు దిబ్బను కనుగొన్నారు. పొడవు సుమారు 35 కిలోమీటర్ల పైమాటే. చన్నీటి పగడాల్లో అంత పెద్దది అప్పటికి మరొకటి తెలియదు. వేల ఏళ్ళుగా పెరిగిన ఆ తోటలో చేపలు ముసిరి ఉంటాయి. మరుసటి ఏడాదే అడుగు వలలు లాగకుండా దానికి రక్షణ కల్పించారు. మాయలంక ఉన్న దిక్కు కూడా పడమరేనని నేను చెప్పగానే మనవరాలు, "అయితే తాతయ్యా, బార్లీ ఎక్కడుంది?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు చేపకే ఇబ్బంది వచ్చింది. నార్వే, రష్యాలు కలిసి ఏటా బారెంట్స్ సముద్రపు కాడ్ చేప ఎంత పట్టవచ్చో నిర్ణయిస్తాయి. 2025 సంవత్సరానికి 3 లక్షల 40 వేల టన్నులని నిర్ణయించారు. 1991 తరువాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. ధర పెరిగింది గనుక ఉన్నవారికి ఆదాయం బాగానే ఉందంటారు. కాని చలికాలం మరీ వెచ్చబడితే గాలి తూకం తప్పుతుంది, పందిరి మీద చేప చెడుతుంది. సున్నాకు ఒకటి రెండు డిగ్రీల అటూ ఇటూ తేడా మీద బతికే ఊరికి ఇది చిన్న మాట కాదు. ఎండుచేప ఇరవై తరగతుల్లో ఏ తరగతికి పడుతుందన్నదాని మీద ఒక ఇంటి ఏడాది బడ్జెట్ ఆధారపడి ఉంటుంది.

వచ్చేటప్పుడు బెర్గెన్‌లో కొన్న ఎండుచేప ఒకటి పెట్టెలో పెట్టుకుని వచ్చాను. మా ఇంటావిడ దాన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. ఒకనాడు ఆవిడ గుడికి పోయిన వేళ, క్వెరీని రాసిన పద్ధతిలో నారలుగా కొడదామని పెరట్లో రోట్లో పెట్టి రోకలితో నాలుగు దెబ్బలు వేశాను. రోటి అంచు పెచ్చు లేచింది. చేప అలాగే ఉంది. ఇప్పుడది నా రాతబల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పనికి వస్తున్నది.